ఒక్క ట్యూబు, ముగ్గురి ఒంటికి

చి. సౌ. రాధకి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. అల్లుడి తొడల మీద, నీ నడుం చుట్టూ ఉన్నది తామరలాగే ఉంది. బాబు మోచేతి మడతలో ఉన్నది తామర కాదు, ఎగ్జిమాలా ఉంది. మీరు ముగ్గురూ ఒకే ట్యూబు రాసుకుంటున్నారు. గొడవంతా అక్కడే వచ్చింది.

మన మాటలోనూ ఓ చిక్కుంది. ఫంగస్ వల్ల చక్రంలా పాకేదాన్నీ తామర అంటాం, చర్మం పొడిబారి రసి కారేదాన్నీ కొందరు తామరే అంటారు. పర్లాకిమిడి మందుల షాపులో ఒడియాలో "జాదు" అని అడిగితే కొంత నయం. ఊరికే దురద అని అడిగితే అన్నిటికీ పనికొస్తుందని నాలుగు మందులు కలిపిన ట్యూబు చేతిలో పెడతారు. అందులో స్టిరాయిడ్, అంటే ఎరుపునీ దురదనీ అణిచే మందు, ఉంటుంది. అది ఎగ్జిమాకి మందు, ఫంగస్ తామరకి ఎరువు.

ట్యూబు వెనక చిన్నక్షరాలు చదువు, కనపడకపోతే ఫోన్లో ఫొటో తీసి పెద్దది చెయ్యి. పేరు చివర "సోన్", "సోల్", "లోన్" అని ఉంటే స్టిరాయిడ్: బీటామెథసోన్, మోమెటసోన్, క్లోబెటసోల్, ఫ్లుయోసినోలోన్. క్లోట్రిమజోల్, కీటోకొనజోల్, లులికొనజోల్, టెర్బినాఫిన్ అయితే ఫంగస్ మందులు. ఒర్నిడజోల్ కూడా "జోల్" అనే ముగుస్తుంది గానీ తామరకి దానితో పని లేదు. క్లోబెటసోల్, క్లోట్రిమజోల్ వినడానికి అన్నదమ్ముల పేర్లలా ఉంటాయి, పని మాత్రం ఎదురెదురు. మీ ట్యూబులో క్లోబెటసోల్, ఆఫ్లాక్ససిన్ (బాక్టీరియా మందు), ఒర్నిడజోల్, టెర్బినాఫిన్ నాలుగూ ఉన్నాయి. 0.05 శాతమే కదా అనుకోకు. క్లోబెటసోల్ స్టిరాయిడ్లలోకెల్లా బలమైన వరసలోది. 1 శాతం హైడ్రోకార్టిసోన్ దాని ముందు ఏ మూలకీ రాదు.

రాసిన రెండో రోజుకే దురద ఎందుకు తగ్గిందంటావా? ఫంగస్ చచ్చి కాదు. దానితో పోట్లాడే ఒంటి బలగాన్ని స్టిరాయిడ్ నిద్రపుచ్చింది. ఎరుపు పోతుంది, ఫంగస్ కింద నెమ్మదిగా పాకుతుంది, మానేసిన వారానికి రెట్టింపై లేస్తుంది. అల్లుడి తొడ మీద చక్రంలో చక్రం కనిపిస్తోంది చూశావా, అది ఇలా రాసిరాసి వచ్చిన రూపమే. గజ్జల్లో ఎర్రటి చారలు కూడా ఉన్నాయి, కడుపుతో ఉన్నప్పుడు పొట్ట మీద పడేలాంటివి. రంగు తగ్గుతుంది గానీ అవి పూర్తిగా పోవు.

ఆ ట్యూబు ఈ రోజే ఆపండి. ఆపాక వారం పదిరోజులు దురద, మంట పెరుగుతాయి. కొత్త మందు పడలేదని కంగారుపడి మళ్లీ పాతదాన్ని తీస్తారు చాలామంది, అక్కడే బోల్తా పడతారు. రాత్రి పడుకునేముందు సెట్రిజిన్ 10 మిల్లీగ్రాములది ఒకటి పెద్దవాళ్లు వేసుకోవచ్చు. నిద్రమత్తుగా ఉంటుంది, అది వేసుకుని అల్లుడు బండి నడపకూడదు.

నీ నడుం మీదిది కొత్తది, చిన్నది, కాబట్టి పూతతో చూడొచ్చు. స్టిరాయిడ్ కలవని, ఒక్క ఫంగస్ మందే ఉన్న ట్యూబు అడుగు. లులికొనజోల్ 1 శాతం రోజుకొకసారి, క్లోట్రిమజోల్ 1 శాతం అయితే రెండుసార్లు. స్నానం చేసి, తుడుచుకుని, పూర్తిగా ఆరాక రాయి. మచ్చ నడిమిన కాదు, ఫంగస్ బతికేది అంచులో. అంచు దాటి రెండు సెంటీమీటర్లు బయటనుంచి మొదలెట్టి లోపలికి రా.

కొలత చెప్తాను. చూపుడువేలి కొసనుంచి మొదటి గీత వరకు పిండితే సుమారు అర గ్రాము, వేళ్లతో సహా రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది. నీ మచ్చ అంతే ఉంది. రోజుకి రెండుసార్లయితే ఒక గ్రాము, అంటే పది గ్రాముల ట్యూబు పదిరోజులకి అయిపోవాలి. నెలరోజులు వచ్చిందంటే నువ్వు సరిగా రాయలేదన్నమాట. కనీసం నాలుగు వారాలు, మచ్చ కనపడకుండా పోయాక ఇంకో రెండు వారాలు రాయి. దురద పోగానే ఆపితే మళ్లీ మొదటికే.

లంగా బొందు రోజూ ఒకేచోట బిగించకు, ఆ ఒరిపిడికీ చెమటకీ అక్కడే పుడుతుంది. అల్లుడి మొలతాడు తీయించు. మందు రాస్తున్నా తడి తాడులో ఫంగస్ అలాగే కూర్చుంటుంది. ఆచారమంటే తగ్గాక కొత్తది కట్టుకోమను. తుండు, దుప్పటి, లోబట్టలు ఎవరివి వాళ్లకే. బాగా వేడినీళ్లలో నానబెట్టి, తిరగేసి ఎండలో ఆరెయ్యి. వానాకాలంలో బట్టలు ఆరకపోతే లోపలివైపు ఇస్త్రీ చెయ్యి. బిగుతు జీన్సు కొన్నాళ్లు మూలన పడెయ్యమను. వెల్లుల్లి, సున్నం రుద్దొద్దు, చర్మం కాలి పుండవుతుంది.

అల్లుడిది పూతతో తగ్గేది కాదు. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో చర్మవ్యాధుల విభాగం ఉంది, తీసుకెళ్లు. వెళ్లేముందు వారం ఏ పూతా రాయకపోతే పొట్టు గీకి చేసే పరీక్షలో ఫంగస్ తేలిగ్గా దొరుకుతుంది. ఇప్పటివరకు వాడిన ట్యూబులన్నీ సంచిలో వేసుకెళ్లు, దాచకు. టెర్బినాఫిన్‌కి లొంగని ఫంగస్ ఈమధ్య మన దేశంలో బాగా పాకింది. 2020లో దానికి పెట్టిన పేరులోనే ఇండియా ఉంది, ట్రైకోఫైటన్ ఇండోటినియే అని. డాక్టరు ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు గొట్టం మాత్రలు (క్యాప్సూల్స్) రాస్తే అన్నం తిన్న వెంటనే మింగాలి. కడుపులో పులుపు ఉంటేనే అవి కరుగుతాయి, అల్లుడు పొద్దున్నే వేసుకునే గ్యాస్ మాత్ర దానికి అడ్డు. ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. గుండె జబ్బున్నా, కొలెస్ట్రాల్ మాత్ర వాడుతున్నా అదీ చెప్పాలి.

ఇక బాబు సంగతి. ఇంత రాశానని స్టిరాయిడ్ అంటేనే భయపడిపోకు. ఎగ్జిమాకి అది మంచి మందు, కానీ తేలికది. డాక్టరు చూసి 1 శాతం హైడ్రోకార్టిసోన్ లాంటిది ఇస్తే, చెప్పిన నాలుగైదు రోజులూ ఎర్రగా ఉన్నచోటే పలచగా రాయి. స్నానమయ్యాక ఒళ్లు కాస్త తడిగా ఉండగానే కొబ్బరినూనో వాసన లేని క్రీమో ఒంటికంతా పట్టించు, స్టిరాయిడ్ అరగంట ఆగి. మొహానికి, కనురెప్పలకి నీ అంతట నువ్వు ఏ స్టిరాయిడూ రాయకు. కంటి దగ్గర ఎక్కువకాలం వాడితే శుక్లం, నీటికాసులు రావచ్చు. సంతలో అమ్మే తెల్లబడే క్రీముల్లోనూ ఇది కలిపేవి ఉన్నాయి. 2018లో 14 రకాల స్టిరాయిడ్ పూతల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అడక్కుండానే ఇచ్చే షాపు ఉందంటే ఏమనాలో నువ్వే చెప్పు.

చివర్న మీ అత్తగారి వీపు మీద తెల్లమచ్చ గురించి ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. దురద లేదన్నావు. నాకు అదే నచ్చలేదు. ఆవిడ్ని కళ్లు మూసుకోమని, దూదిని సన్నగా మెలిపెట్టి ఆ కొసతో మచ్చ మీద ఒకసారి, పక్కన మంచి చర్మం మీద ఒకసారి తాకించు. ఎక్కడ తాకావో వేలితో చూపించమను. మచ్చ మీద తెలియకపోతే అది కుష్టు కావచ్చు. తెలిసినా సరే, డాక్టరుకి చూపించాల్సిందే. భయపడాల్సిన పని లేదు, రకాన్నిబట్టి ఆరునెలలో పన్నెండు నెలలో మందు తింటే నయమవుతుంది, ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. ఆ మచ్చకి మాత్రం ఏ ట్యూబూ రాయకండి. బరంపురం వెళ్లేదాకా ఆగకుండా రేపే మీ ఊరి ఆసుపత్రిలో చూపించి నాకు ఫోన్ చెయ్యి.

ఉంటాను,
పెద్దమ్మ