రంగు డబ్బా కొనే ముందు అత్తగారిని అడగండి

తిరుపతి నుంచి ఉత్తరం వ్రాసిన సోదరికి,

వంటగదికి కొత్త టైల్స్ వేయించాక మెరూన్ రంగు పాత ఫ్రిజ్ అక్కడ నప్పడం లేదనీ, దానికి తెల్లరంగు వేయిస్తానన్న రోజు నుంచి మీ అత్తగారు ముభావంగా ఉంటున్నారనీ, మీ వారేమో "దాన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేద్దాం" అని ఇద్దరినీ నొప్పించారనీ వ్రాశారు. చక్కగా పనిచేస్తున్న వస్తువును పారేయకూడదన్న మీ ఆలోచన నాకు నచ్చింది. అయితే అది కాలం చేసిన మీ మామగారు కొన్నదని ఉత్తరం చివర ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. నాకు అసలు విషయం అక్కడే కనిపించింది.

ఏటా ఆయుధపూజ నాడు ఆమె ఫ్రిజ్ తలుపుకు పెట్టే కుంకుమ బొట్టు మరక ఎంత తుడిచినా పోవడం లేదని కూడా వ్రాశారు. మీకు అది మరక. ఆమెకు భర్త బ్రతికున్న రోజుల నుంచి వస్తున్న ఆనవాయితీ. అందుచేత "వేయిస్తాను" అనే మాట మాని, "ఏ రంగైతే బాగుంటుందత్తా?" అని అడగండి. ఆమె మెరూనే ఉండనీ అంటే ఆ రంగే కొత్తగా వేయించండి, అసలే వద్దంటే ఆ మాట మన్నించండి. టైల్స్ కోసం ఆమె మనసు కష్టపెట్టవలసినంత అవసరం ఇందులో లేదు.

ఆమె సరేనంటే, ఈశాన్య ఋతుపవనాల వానలు వెనుకబట్టాక, సంక్రాంతి ముందు ఆ పని పెట్టుకోండి. గాలిలో తేమ ఉంటే రంగు సరిగా ఆరదు. ప్లగ్ తీసి, సబ్బునీటితో జిడ్డంతా కడిగి, బాగా ఆరాక సన్నని ఉప్పు కాగితంతో పైమెరుపు పోయేదాకా రుద్ది, ప్రైమర్ మీద ఎపాక్సీ స్ప్రే రంగును పలుచటి పూతలుగా, పూతకూ పూతకూ ఆరనిస్తూ వేయాలి. తలుపు చుట్టూ ఉండే రబ్బరుకు టేపు అంటించడం మరవకండి, దానికి రంగు అంటితే తలుపు సరిగా మూసుకోదు. ఆ స్ప్రే ఆవిరికి నిప్పు అంటుకుంటుంది కనుక పొయ్యి ఉన్న గదిలో ఈ పని చేయవద్దు. గ్యాస్ పొయ్యికి కూడా అదే రంగు వేద్దామన్న ఆలోచన మానుకోండి. బర్నర్ల వేడికి ఆ రంగు నిలవదు.

ఫ్రిజ్‌ను వరండాలోకి జరపడానికి మీ వారిని పిలవండి. తల్లి ఎదుట తానన్న మాటను వెనక్కి తీసుకోవడానికి ఆయనకూ ఒక వీలు కలుగుతుంది.