10 లక్షల వ్యూస్‌కి ఎంతొస్తుంది? నా బతుకమ్మ పాట లెక్క చెప్తా

"మా చెల్లి జానపదాలు బాగా పాడుతుంది, హైదరాబాద్‌లోనే ఉంటాం, సొంతంగా ఒక పాట వీడియో తీసి యూట్యూబ్‌లో పెడదామనుకుంటున్నాం, 10 లక్షల వ్యూస్ వస్తే ఎంత వస్తుంది?" అని అడిగారు. నాకు 11 లక్షలు వచ్చాయి. రూపాయలు కాదు, వ్యూస్. రూపాయల సంగతి కింద చెప్తా, ఇక్కడే చెప్పేస్తే మిగతాది చదవరు.

నేను కీబోర్డ్ వాయిస్తాను. పెళ్లిళ్లు, సంగీత్‌లు, గణేష్ మండపాలు, ఏది దొరికితే అది. ఉండేది రహమత్‌నగర్. కృష్ణానగర్ నడిచిపోయేంత దూరం, కాబట్టి పాటలు తీసేవాళ్లు, పాడేవాళ్లు, తీసి మునిగినవాళ్లు అందరూ ఒకే టీ కొట్టు దగ్గర దొరుకుతారు. వాళ్లను చూసి చూసి 2022లో నాకూ ఆ పిచ్చి పట్టింది. 2 లక్షల చిట్టీ ఉంటే పాట పాడి ఎత్తేశాను, ఆ డబ్బుతో ఈ పాట తీశాను. నువ్వు జీవితంలో గట్టిగా పాడిన పాట ఆ చిట్టీ పాటొక్కటే అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

పాట కొత్తది కాదు. జనగామ దగ్గర మా అత్తగారి ఊళ్లో మా అత్తమ్మ వాళ్ల అక్క ఉంది, పెద్దత్తమ్మ అంటాం. ఆమె బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడే ఉయ్యాల పాట. అన్న పోయి చెల్లెల్ని పండక్కి తోలుకొస్తుంటే దారిలో వాగు పొంగడం, చెరువు కట్ట మీద ఇద్దరూ ఆగిపోవడం, అట్లా ఒక కథ. మొత్తం 14 చరణాలు. నేను ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటూ "ఇది నువ్వు కట్టిన పాటేనా పెద్దత్తమ్మా?" అంటే, "నాదేంది బిడ్డా, మా అమ్మ పాడేది, ఆమెకు ఎవలు నేర్పిన్రో" అంది. నేను వీడియో కింద సాహిత్యం దగ్గర "సేకరణ" అని రాసి ఆమె పేరు, ఊరి పేరు పెట్టాను. ఇది గొప్పకు చెప్పడం లేదు, ఎందుకంటే మన దగ్గర చాలామంది అమ్మమ్మ నోట విన్న పాటకు రెండు మాటలు మార్చి "రచన" అని సొంత పేరు వేసుకుంటారు, తర్వాత అదే పాట ఇంకో ఊరివాళ్లు పాడితే నా పాట కొట్టేశారని లైవ్‌లు పెట్టి తిట్టుకుంటారు. చట్టం ప్రకారం రాసినవాడి హక్కు వాడు బతికినంత కాలం, పోయాక ఇంకో 60 ఏళ్లు. తరతరాలుగా అందరూ పాడుకునే మాటల మీద ఎవడికీ హక్కు లేదు, మీరు కట్టిన కొత్త సంగీతం మీద, మీరు చేయించిన రికార్డింగ్ మీదే మీకు ఉంటుంది. ఈ ముక్క తెలిస్తే సగం గొడవలు ఉండవు.

ఖర్చు 1,66,000 అయింది. మ్యూజిక్, మిక్సింగ్ కలిపి 30 వేలు, కెమెరా, డ్రోన్ ఒక్క రోజుకు 35 వేలు, తెర మీద కనిపించే హీరో హీరోయిన్లకు 25 వేలు. పాడిన అమ్మాయికి 5 వేలు. చూశారా, పాటలో పాడినదానికే అన్నిటికన్నా తక్కువ. నేనూ అందరి లాగానే ఇచ్చాను, అప్పుడు నాకు తప్పనిపించలేదు.

బతుకమ్మ పాటకు ఇంకో తలనొప్పి ఉంది. పాట పండగ మొదలయ్యే అమావాస్యకు రెండు వారాల ముందే రావాలి, అంటే షూటింగ్ ఆగస్టులోనే అయిపోవాలి, ఆగస్టులో బతుకమ్మకు పేర్చే గునుగు సరిగ్గా పూతకే రాదు. ఆ ఏడు వానలు బాగా పడి ఊరి చెరువు మత్తడి దూకుతోంది, చూడ్డానికి అద్భుతంగా ఉంది కానీ పువ్వు లేదు. తెల్లవారుజామున గుడిమల్కాపూర్ మార్కెట్‌కి పోయి బంతిపూలు సంచులకు సంచులు కొని ట్రాలీ ఆటోలో వేసుకుపోయాం. వీడియోలో చూస్తే బతుకమ్మ నిండా బంతిపూలే. మొదటి రోజే ఒకాయన కామెంట్ పెట్టాడు, "గునుగు లేని బతుకమ్మ ఏందన్నా, పెళ్లి మండపమా ఇది" అని. ఆ కామెంట్‌కు వచ్చినన్ని లైకులు నా కీబోర్డ్‌కు ఈ జన్మలో రాలేదు.

సరే, అసలు విషయం. సెప్టెంబర్ 10న పాట వదిలాం. ఛానెల్‌కు మానిటైజేషన్, అంటే యాడ్స్ మీద డబ్బులొచ్చే ఏర్పాటు, అప్పటికే ఉంది, నా పెళ్లి ప్రోగ్రాముల వీడియోల పుణ్యాన 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ కిందటేడే దాటేశాం. మెల్లగా ఎక్కింది, 25న ఎంగిలిపూల బతుకమ్మ నాటికి పరుగు అందుకుంది. మా గల్లీ చివర ఆటో స్టాండ్‌లో నా పాట వినబడితే నేను ఏదో పని ఉన్నట్టు అక్కడే పది నిమిషాలు నిలబడ్డాను.

అక్టోబర్ 1, శనివారం. అలిగిన బతుకమ్మ నిన్ననే అయిపోయింది, ఆ సాయంత్రం మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ వాళ్ల ప్రోగ్రాం. మా బామ్మర్ది కూడా వచ్చాడు, ఛానెల్ మొదలుపెట్టింది వాడే, వాడి మెయిల్ మీదే ఉంటుంది. బ్రేక్‌లో కింద సెల్లార్‌లో పులిహోర ప్లేట్ పట్టుకుని "ఎంతొచ్చిందిరా ఇప్పటిదాకా?" అన్నాను. వాడు ఫోన్ తీసి చూసి, ఇంకోసారి చూసి, "బావా, ఇక్కడ కాపీరైట్ అని ఏదో ఉంది" అన్నాడు. ఎప్పటి నుంచిరా అంటే, సెప్టెంబర్ 23 నుంచి అట. మెయిల్ వచ్చింది, వాడు ఆ నెల్లోనే ఫోన్ మార్చాడు, పాత మెయిల్ కొత్త ఫోన్‌లో పెట్టుకోలేదు.

నాకు కాళ్లు ఆడలేదు. ఛానెల్ పోయిందనుకున్నాను, వీడియో డిలీట్ చేసేయరా అని అరిచాను కూడా. డిలీట్ చేసి ఉంటే వ్యూస్ మొత్తం గంగలో కలిసేవి. వాడు చేయలేదు, ఆ ఒక్క పని వాడు బాగా చేశాడు. అది స్ట్రైక్ (వీడియోనే తీసేయించే కాపీరైట్ ఫిర్యాదు) కాదు, కంటెంట్ ఐడి క్లెయిమ్. కంటెంట్ ఐడి అంటే కంపెనీలు ఎక్కించిన పాటలతో మన వీడియోలను పోల్చి పట్టుకునే యూట్యూబ్ మెషీన్. రెండింటికీ చాలా తేడా ఉంది. 90 రోజుల్లో 3 స్ట్రైకులు పడితే ఛానెల్ పోతుంది. క్లెయిమ్ అయితే ఛానెల్‌కు ఏం కాదు, చాలాసార్లు వీడియో అక్కడే ఉంటుంది, యాడ్స్ వస్తూనే ఉంటాయి, మన డబ్బులు మాత్రం పక్కోడి జేబులోకి పోతుంటాయి. మా విషయంలో అదే జరిగింది, అదీ పండగ రోజుల్లో.

పాటలో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వాళ్లదో కూడా అందులో చూపిస్తుంది. 0:41 నుంచి 3:58. స్కూటీ మీద కూర్చుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ముక్క నాలుగుసార్లు విన్నాను. గొంతు మాది, ట్యూన్ ఆ ముసలమ్మది, కీబోర్డ్ నేను స్వయంగా వాయించింది. నాలుగోసారికి అర్థమైంది, కింద నడుస్తున్న డప్పు. మా మ్యూజిక్ డైరెక్టర్‌కు ఫోన్ చేస్తే, "అన్నా, అది లూప్, అందరూ వాడేదే" అన్నాడు చాలా మామూలుగా. లూప్ అంటే ముందే రికార్డ్ చేసి పెట్టిన, తిప్పి తిప్పి వాడుకునే దరువు ముక్క. అదే లూప్‌ను అదే ఆగస్టులో ఇంకో మ్యూజిక్ కంపెనీ పాటలో కూడా వేశాడట. ఆ కంపెనీవాళ్లు తమ పాట మొత్తాన్ని కంటెంట్ ఐడిలో ఎక్కించారు, మెషీన్ వచ్చి నా డప్పును పట్టుకుంది. నిజానికి పదిమంది వాడుకునే లూపులు, శాంపిళ్లు అందులో ఎక్కించకూడదని రూల్ ఉంది, పూర్తిగా తమ సొంతమైంది మాత్రమే ఎక్కించాలి. రూల్ ఎవడు చదువుతాడు? జనగామ జిల్లాలో డప్పు కొట్టేవాళ్లు ఊరికి పదిమంది ఉంటే, డబ్బులు మిగులుతాయని కంప్యూటర్‌లో డప్పు పెట్టుకున్న నన్ను అనాలి ముందు.

ఇప్పుడు నాకు బాగా మండిన విషయం వినండి. క్లెయిమ్ పడ్డ 5 రోజుల్లోపు డిస్‌ప్యూట్, అంటే ఈ క్లెయిమ్ తప్పని అభ్యంతరం, వేస్తే మొదటి రోజు నుంచి వచ్చే డబ్బంతా ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెడతారు. 5 రోజులు దాటాక వేస్తే వేసిన రోజు నుంచే పెడతారు. మేం వేసింది ఎనిమిది రోజులకు. ఆ రాత్రి 12 గంటలకు ఇంటికొచ్చి, వచ్చీరాని ఇంగ్లీషులో లూప్ సంగతి రాసి పంపాం. అవతలివాళ్లకు 30 రోజులు టైమ్ ఉంటుంది. వాళ్లు ఒప్పుకోకపోతే అప్పీల్, అప్పీల్ కూడా కాదంటే వీడియో తీసేయించి స్ట్రైక్ వేయొచ్చు, ఆ 30 రోజులు రోజూ అదే టెన్షన్. సద్దుల బతుకమ్మ పోయింది, దసరా పోయింది, దీపావళి కూడా పోయింది. వాళ్లు అవునని చెప్పలేదు, కాదని చెప్పలేదు. గడువు అయిపోయి క్లెయిమ్ దానంతటదే రాలిపోయింది. ఇంతోటి దానికి నేను బీపీ గోలీ వేసుకున్నాను.

ఇక లెక్క. 11 లక్షల వ్యూస్‌లో 6 లక్షలు ఆ ఎనిమిది రోజుల్లోనే వచ్చాయి, వాటి డబ్బు పోయింది. మిగిలిన 5 లక్షలకు నాకు 76 డాలర్లు. అంటే వెయ్యి వ్యూస్‌కు 15 సెంట్లు, అప్పటి రేటు ప్రకారం 12 రూపాయల చిల్లర. మీ 10 లక్షలకు 12 వేలు అనుకోండి. టెక్నాలజీ గురించో లోన్ల గురించో మాట్లాడే ఛానెళ్లవాళ్లు చెప్పే లెక్కలు విని పాటల్లోకి దిగకండి, పాటల మీద వచ్చే యాడ్స్‌కి అంత రాదు. యాడ్ డబ్బులో 55 శాతం మనకు, షార్ట్స్‌కి అయితే 45. మనవాళ్లు డల్లాస్‌లో కూర్చుని చూసినవాటికి ఇక్కడి వ్యూస్ కన్నా చాలా మెరుగ్గా వస్తుంది, కాకపోతే వాటి మీద అమెరికా పన్ను కోస్తారు. ట్యాక్స్ ఫామ్ సరిగ్గా నింపితే మనకు 15 శాతం, అదీ అక్కడి వ్యూస్ మీదే. నింపకపోతే అన్ని దేశాల నుంచి వచ్చినదాని మీదా 24 శాతం దాకా కోయొచ్చు, కాబట్టి అది మాత్రం మొదటి రోజే నింపండి.

ఆ 76 కూడా చేతికి రాలేదు. పాతవి 14 ఉన్నాయి, మొత్తం 90. యూట్యూబ్ డబ్బులు జమయ్యే గూగుల్ ఖాతా యాడ్‌సెన్స్‌లో 100 డాలర్లు దాటితేనే పంపిస్తారు. పండగ అయిపోయాక బతుకమ్మ పాట ఎవరు చూస్తారండీ? ఆ 90 డాలర్లు ఏడాది పాటు అట్లాగే కూర్చున్నాయి, ఎప్పుడు చూసినా 91, 92. మళ్లీ 2023 అక్టోబర్‌లో పండగ వచ్చాక కదిలి, నవంబర్ 20 దాటాక బ్యాంకులో 10,800 పడ్డాయి. 1,66,000 పెట్టినవాడికి 14 నెలలకు 10,800. చిట్టీ వాయిదాలు వేరే.

మరి నష్టమేనా అంటే పూర్తిగా కాదు. పాడిన అమ్మాయికి ఆ ఒక్క పాటతో ప్రోగ్రాములు మొదలయ్యాయి. కొండాపూర్, మియాపూర్ వైపు గేటెడ్ కమ్యూనిటీల వాళ్లు బతుకమ్మకు, బోనాలకు పిలుస్తున్నారు, రాత్రికి 10 వేలు, 15 వేలు ఇస్తున్నారు, ఆమె పక్కన కీబోర్డ్ నాది. గత రెండేళ్లలో నాకు మిగిలిందంతా అట్లా మిగిలిందే.

అందుకే మీ చెల్లి విషయంలో నేనైతే వ్యూస్ లెక్క కన్నా ముందు పాట ఎవరి పేరు మీద ఉంటుందో చూస్తాను. కృష్ణానగర్‌లో కోట్ల వ్యూస్ వచ్చిన పాటలు పాడి, 3 వేలు తీసుకుని, 100 రూపాయల స్టాంప్ పేపర్ మీద సంతకం పెట్టి వచ్చిన పిల్లలు నాకు తెలిసే నలుగురు ఉన్నారు. ఏం రాసుందో చదివావా అమ్మా అంటే, అన్న మంచోడే అంటారు. రాసినవాళ్లకు, ట్యూన్ కట్టినవాళ్లకు 2012లో చట్టం మార్చి రాయల్టీలో వాటా హక్కు పెట్టారు, హక్కులన్నీ అమ్మేశానని సంతకం పెట్టినా ఆ వాటా పోదు. అది తీసుకోవాలంటే ఆ రాయల్టీ వసూలు చేసి పంచే సంఘం ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం ఉండాలి, మనవాళ్లలో ఎంతమంది ఉన్నారో మీరే అడిగి చూడండి. ఛానెల్ మెయిల్ మీ ఫోన్‌లోనే పెట్టుకోండి, బామ్మర్ది ఎంత మంచివాడైనా సరే. 5 వేలకు లక్ష వ్యూస్ ఇస్తామని ఫోన్లు వస్తాయి, ఎత్తకండి.

డబ్బులు పడ్డాక పెద్దత్తమ్మకు ఒక చీర తీసుకుని ఊరికి పోయాను. వీడియో అప్పటిదాకా ఆమె పూర్తిగా చూడలేదు, ఎవరి ఫోన్‌లోనో ముక్కలు ముక్కలుగా విన్నదట. నా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అయిదు నిమిషాలూ విన్నది. 14 చరణాల్లో మేం పెట్టింది 6, అంతకన్నా పొడుగైతే ఎవరూ చూడరని మ్యూజిక్ డైరెక్టర్ కోసేశాడు. అయిపోయాక ఫోన్ నా చేతిలో పెట్టి, "ఏం అల్లుడా, ఆడబిడ్డను కట్ట మీదనే నిలబెట్టి వచ్చిన్రు? ఇంటికెప్పుడు తోలుకొస్తరు?" అంది. చీర సంగతి మాట్లాడనే లేదు.

ఇప్పుడు మిగతా 8 చరణాలతో రెండో భాగం చేస్తున్నాం. డప్పు ఈసారి ఆ ఊరివాళ్లే కొట్టారు, పాడే అమ్మాయితో వచ్చినదాంట్లో సగం అని కాగితం రాసుకున్నాం, షూటింగ్ గునుగు పూశాకే, పాట ఆలస్యమైతే కానీ. కోరస్‌లో ఒక గొంతు తక్కువైంది. మీ చెల్లి పాడింది ఏదైనా ఉంటే మెసేజ్‌లో పంపండి, వింటాను.