మనసొప్పని కానుక, మొహమాటపు సేవ: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: వందనాలు అన్నా. సండే స్కూల్‌కి టీచర్ కావాలని అడిగితే సంతోషంగా ఒప్పుకున్నాను. ఆ తర్వాత పాటల గుంపు, స్త్రీల కూడిక, రోగుల్ని చూసి రావడం, ఆరాధన అయ్యాక హాలు సర్దడం, ఒక్కొక్కటీ నా నెత్తిన పడ్డాయి. నేను కాదనలేనని అందరికీ తెలుసు, అందుకే నన్నే అడుగుతారు. మొన్న ఆరాధన అయ్యాక ఒక్కదాన్నే కుర్చీలు పేరుస్తుంటే, బయట అందరూ నవ్వుకుంటూ మాట్లాడుకోవడం వినపడి ఏడుపొచ్చేసింది. ఇంటికెళ్లి ఆ కోపమంతా పిల్లల మీద చూపించాను. "దేవుడు ఉత్సాహముగా ఇచ్చువానిని ప్రేమించును" అని సండే స్కూల్లో కంఠతా పెట్టించేది నేనే, నాలోనే ఆ ఉత్సాహం లేదు. మానేస్తే దేవుడికి కోపం వస్తుందేమో అని టెన్షన్, కొనసాగితే వేషధారణ అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లెమ్మా, ఆ వాక్యంలో మనమంతా చివరి ముక్కే కంఠతా పెడతాం. మొదటి సగం కూడా చదువు. "సణుగుకొనకయు బలవంతముగా కాకయు ప్రతివాడును తన హృదయములో నిశ్చయించుకొనిన ప్రకారము ఇయ్యవలెను" అని ఉంది అక్కడ (2 కొరింథీ 9:7). ఉత్సాహం మాట ఆ తర్వాతే వస్తుంది. నీ ఉత్తరాన్ని ఆ వరసలోనే చూశాను. సండే స్కూల్ నువ్వు నిశ్చయించుకున్నది. మిగతావేవీ నువ్వు నిశ్చయించుకున్నవి కావు, మొహమాటం కొద్దీ నీ మీద పడినవి. నిశ్చయం లేని చోట ఉత్సాహం కోసం వెతుక్కుని, అది దొరకలేదని నిన్ను నువ్వే నిందించుకుంటున్నావు.

నిర్గమకాండం 35, 36 అధ్యాయాలు ఒకసారి తెరిచి చూడు. దేవుణ్ణి ఆరాధించే ప్రత్యక్ష గుడారం కట్టడానికి కానుకలు తెమ్మని మోషే అడిగాడు, ఎవరి మనసు వాళ్లను ప్రేరేపిస్తే వాళ్లే తెచ్చారు. బంగారం తెచ్చినవాళ్లున్నారు, ఇత్తడి తెచ్చినవాళ్లున్నారు, మేక వెంట్రుకలు వడికి తెచ్చిన ఆడవాళ్లున్నారు. ఆ తర్వాత జరిగిందే నాకు చాలా ఇష్టం. పనివాళ్లు చేతిలో పని ఆపి మోషే దగ్గరికొచ్చి, పనికి కావలసినదానికన్నా జనం ఎక్కువ తెస్తున్నారని చెప్పారు. మోషే వెంటనే పాళెమంతా చాటింపు వేయించాడు, ఇక ఎవరూ ఏమీ తేవద్దని! జనం ఊపు మీదున్నారు కదా, ఇంకా పిండుకుందాం అనుకోలేదు. దేవుడి పనిలో కూడా చాలు అనే మాటకు చోటుందని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ మాట నీకెవరూ చెప్పలేదు, అందుకే నువ్వే చెప్పాలి.

ఇంటికొచ్చిన యేసుకు వడ్డించే పనిలో పడ్డ మార్త సంగతి నీకు తెలిసిందే (లూకా 10). ఆమె వడ్డించడం తప్పని యేసు ఎక్కడా అనలేదు. "నేను ఒక్కదాన్నే చేస్తున్నాను, నీకు పట్టదా, నా తోబుట్టువుకు చెప్పు వచ్చి సాయం చేయమని" అన్నట్టు ఆమె ఆయనకే ఫిర్యాదు చేసినప్పుడు, ఆమె ఎన్నో పనుల గురించి విచారపడి తొందరపడుతోందని మెల్లగా చెప్పాడు. కుర్చీలు పేరుస్తూ నువ్వు ఏడ్చావే, అది సరిగ్గా ఈ చోటే. యోహాను 12లో బేతనియలో విందు జరిగినప్పుడు కూడా మార్తే ఉపచారం చేస్తోంది, ఈసారి ఫిర్యాదు మాటేదీ అక్కడ రాయలేదు. ఆమె మనసులో ఏం మారిందో బైబిలు చెప్పలేదు కాబట్టి నేనూ కల్పించి చెప్పను, కానీ సేవ చేసే మనిషిని యేసు సేవ మాన్పించలేదన్నది మాత్రం కనిపిస్తోంది.

ఇక నువ్వు చేయాల్సింది. ఒక కాగితం మీద నీ పనులన్నీ రాసుకో. అడగకపోయినా ఇది నేనే చేసేదాన్ని అనిపించేది ఏదో చూడు, ఒకటో రెండో ఉంటాయి, వాటిని పట్టుకో. మిగతావాటి గురించి పాస్టరు గారితో, లేదంటే పాస్టరమ్మ గారితో మాట్లాడు, వచ్చే నెలాఖరు దాకా చేస్తాను, ఆ తర్వాత చేయలేను అని తేదీతో సహా చెప్పు. ఒంట్లో బాగోలేదనో, ఇంట్లో పని ఉందనో సాకులు వెతకకు, చేయలేకపోతున్నాను అన్నది నిజమైన కారణమే. నువ్వు మానేశాక ఎవరూ ముందుకు రాకపోతే? రాకపోతే కొన్నాళ్లు ఆ పని ఆగుతుంది. ఆగనీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీర్పులు చెబుతూ కూర్చున్న మోషేతో, ఇది నీకు మించిన భారం, నువ్వూ ఈ జనమూ నలిగిపోతారు అన్నది అతని మామ యిత్రో. అపొస్తలుల కాలంలో భోజనం పంచే దగ్గర కొందరు విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని సణుగుడు మొదలైనప్పుడు, పన్నెండుగురూ అది కూడా మేమే చేస్తాం అని నెత్తికెత్తుకోలేదు, ఏడుగురిని ఎన్నుకొమ్మన్నారు (అపొ. 6). నువ్వు ఖాళీ చేసిన చోటు ఇంకొకరి పిలుపు కావచ్చు, అక్కడ నువ్వే నిలబడి ఉంటే వాళ్లకది ఎప్పటికీ కనబడదు.

ఒక్క జాగ్రత్త. ఉత్సాహం లేని రోజునల్లా మానేయాలని దీన్ని అర్థం చేసుకోకు. జబ్బుతో ఉన్న మనిషిని చూడడానికి బయల్దేరాలంటే కాళ్లు కదలని రోజులు నీకే కాదు, నాకూ ఉంటాయి. అయినా వెళ్లడం వేషధారణ కాదు. యేసు చెప్పిన ఇద్దరు కొడుకుల కథలో (మత్తయి 21) తోటకు పోనన్నవాడు తర్వాత మనసు మార్చుకుని వెళ్లాడు, తండ్రి ఇష్టం నెరవేర్చింది వాడే. ఒంటి అలసటకు విశ్రాంతి తీసుకుంటే చాలు, తినడానికి కూడా తీరిక లేని శిష్యుల్ని యేసే ఏకాంతంగా వచ్చి కొంచెంసేపు అలసట తీర్చుకొమ్మన్నాడు. కానీ నీ చేతులు పని చేస్తుంటే నీ మనసు పని చేయనివాళ్ల లెక్క వేస్తోందంటే, అది అలసట కాదు. ఆ లెక్క మొదలైందంటే నువ్వు ఒప్పుకోని పనేదో మోస్తున్నావన్నమాట.

పిల్లలతో ఈ రాత్రే మాట్లాడు, ఆదివారం అరిచింది మీ తప్పు వల్ల కాదు అని చెప్పు.

ప్రశ్న: అన్నా, నా ఉద్యోగం పోయింది, అప్పులున్నాయి. మా సంఘంలో దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు, ఇచ్చినవాళ్ల పేర్లు, మొత్తాలు మైకులో చదువుతారు. ఇవ్వనివాళ్లు మలాకీ 3 ప్రకారం దేవుణ్ణి దోచుకున్నవాళ్లని చెబుతారు. నా పేరు రాకపోతే పరువు పోతుందని, దేవుడు శిక్షిస్తాడని భయపడి అప్పు చేసి ఇచ్చాను. ఇప్పుడు ఆ అప్పు కూడా పెరుగుతోంది.

జవాబు: తమ్ముడూ, ఇక ఎప్పుడూ కానుక కోసం అప్పు చేయొద్దు. ఈ మాట మెత్తగా చెప్పే ఓపిక నాకు లేదు.

పౌలు రాసింది చూడు, సిద్ధమైన మనసుంటే, శక్తికి మించి కాదు, కలిమి కొలదీ ఇచ్చిందే ప్రీతికరం అన్నాడు (2 కొరింథీ 8:12). ఆ తర్వాతి మాటల్లోనే, ఇతరులకు తేలికగా, మీకు భారంగా ఉండాలని నేనిది చెప్పడం లేదు అని కూడా అన్నాడు. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం చందా పోగు చేస్తూ రాసిన ఉత్తరం అది, అంటే డబ్బు అవసరం నిజంగా ఉన్నప్పుడే ఇంత జాగ్రత్తగా అడిగాడు. పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని, అంతా ఇచ్చినట్టు చెప్పి చనిపోయిన అననీయ సంగతి చెప్పి భయపెట్టేవాళ్లుంటారు, వాళ్లు పేతురు మాటల్ని మాత్రం చదవరు. ఆ పొలం నీ దగ్గరున్నప్పుడు నీదే కదా, అమ్మాక ఆ డబ్బు నీ వశంలోనే ఉంది కదా అని అడిగాడు పేతురు (అపొ. 5:4). ఇవ్వకపోయినా ఎవరూ అడిగేవాళ్లు కాదు, అతను చేసిన నేరం అబద్ధం. క్రీ.శ. 197 ప్రాంతంలో తొలినాటి క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ క్రైస్తవుల గురించి రాస్తూ, నెలకోసారి ఇష్టమైతే, అదీ ఇవ్వగలిగితే, ఎవరికి తోచింది వాళ్లు వేస్తారని, ఎవరినీ బలవంతపెట్టరని గర్వంగా చెప్పుకున్నాడు. అనాథలకు, ముసలివాళ్లకు, ఓడ మునిగి సర్వం పోయినవాళ్లకు, పేదల అంత్యక్రియలకు ఆ డబ్బు వెళ్లేది.

మలాకీ మాటకొస్తే, ధర్మశాస్త్రంలో దశమభాగం దేనికో కూడా చదవాలి కదా. ద్వితీయోపదేశకాండం 14లో మూడేళ్లకోసారి దశమభాగం ఊళ్లోనే ఉంచి సొంత భూమి లేని లేవీయులు, పరదేశులు, తండ్రి లేని పిల్లలు, విధవరాండ్రు తిని తృప్తి పొందాలని ఉంది. జీతం లేక అప్పుల్లో ఉన్న నీ దగ్గరికి సంఘం సంచి పట్టుకుని రావడం కాదు, సాయం పట్టుకుని రావాలి. ఇది నా అభిప్రాయమే, కానీ గట్టి అభిప్రాయం.

బీద విధవరాలు తనకున్న రెండు కాసులూ దేవాలయం కానుకపెట్టెలో వేసిన కథ నీకు తప్పకుండా చెప్పే ఉంటారు. ఆమె ఇచ్చింది నిజంగా గొప్పది, యేసే అన్నాడు. కానీ దానికి సరిగ్గా ముందు వచనంలో, విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రుల గురించి, అంటే ధర్మశాస్త్రం బోధించేవాళ్ల గురించి, ఆయన హెచ్చరించాడు (మార్కు 12:40). ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఆమె తనంతట తాను వేసింది, ఎవరూ ఆమె పేరు చదవలేదు. పేర్లు చదవడమంటావా, కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న యేసు మాటకు మైకు ఎలా కుదురుతుందో నాకైతే అర్థం కాదు. లెక్కలు చెప్పడం వేరు, అది తప్పకుండా చేయాలి. పౌలు ఆ చందా తీసుకెళ్లేటప్పుడు తన మీద ఎవరూ తప్పు మోపకుండా తన జతపనివాడు తీతుతో పాటు మరి కొందరు సహోదరుల్ని పంపే ఏర్పాటు చేశాడు. డబ్బు ఎటు పోయిందో చెప్పాలి గాని, ఎవరు ఎంత వేశారో చెప్పనక్కర్లేదు.

ముందు అప్పు తీర్చు. ఎవరికీ ఏమీ అచ్చియుండవద్దు, అంటే బాకీ ఉండవద్దు అన్నది కూడా దేవుడి వాక్యమే (రోమా 13:8). పాస్టరు గారితో ఒంటరిగా కలిసి నీ పరిస్థితి ఉన్నదున్నట్టు చెప్పు, ఇంట్లోవాళ్లకూ చెప్పు. ఈలోపు ఇవ్వాలని నీ మనసుకే అనిపిస్తే ఎంత చిన్నదైనా వెయ్యి, లేదా చేతనైన పని చేసి పెట్టు.

ప్రశ్న: నాకు లోటేమీ లేదు. కానీ ఇవ్వాలని మనసు రావడం లేదు. మనసు లేకుండా ఇవ్వొద్దని మీరే అంటారు కదా, అయితే ఇవ్వకపోయినా ఫరవాలేదా?

జవాబు: నిన్ను ఎవరూ బలవంతపెట్టరు, నేనూ పెట్టను. అయితే మనసు దానంతట అదే వస్తుందని కూర్చుంటే రాదండీ. కొరింథు వాళ్లకు పౌలు చెప్పింది, ప్రతి ఆదివారం ఎవరి వృద్ధి కొలదీ వాళ్లు కొంత పక్కన పెట్టుకొమ్మని (1 కొరింథీ 16:2), అంటే ఆవేశం కోసం ఆగకుండా ముందే తీసిపెట్టమని. చేతిలో ఉంచుకుని మనసు రాలేదంటున్న మీరు ఈ వారం ఒక్క పని చేయండి. మీ సాయం అవసరమైన ఒక మనిషి దగ్గరికి వెళ్లి ఒక గంట కూర్చోండి, డబ్బు మాట ఎత్తకుండా వాళ్లు చెప్పేది వినండి. గొప్ప పేదరికంలో ఉన్న మాసిదోనియ సంఘాలు మమ్మల్నీ ఇవ్వనివ్వండి అని పౌలును బతిమాలుకున్నాయి, మీకు లోటు లేదని మీరే రాశారు.

ప్రశ్న: మా ఆయన సువార్త పనికి ధారాళంగా ఇస్తారు. మా అత్తయ్య గారి వైద్యం మాత్రం వాయిదా పడుతూ ఉంది. అడిగితే దేవుడికి ఇచ్చింది వెనక్కి అడగకూడదంటారు.

జవాబు: అమ్మా, ఈ మాట యేసు చెవిన ఇంతకుముందే పడింది. తల్లిదండ్రులకు చెందాల్సిన దాన్ని కొర్బాను, అంటే దేవుడికి అర్పితం అనేసి వాళ్లకు ఏమీ చేయనివాళ్లను, మీ పారంపర్యాచారంతో దేవుడి వాక్యాన్ని కొట్టేస్తున్నారని ఆయన నిలదీశాడు (మార్కు 7). మీ వారిని ఆ భాగం మీతో కలిసి చదవమనండి, పోట్లాటగా కాదు, ప్రార్థనలో కూర్చున్నప్పుడే. సొంత ఇంటివారిని పట్టించుకోనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉంది (5:8), కానీ దాన్ని ఆయన మొహం మీద విసరకండి. ముందు డాక్టరు దగ్గరికి తేదీ ఖరారు చేయండి, మాటలు తర్వాత మాట్లాడుకోవచ్చు.

ప్రశ్న: సాయం చేద్దామని వెళ్తే తీసుకునేవాళ్లు కుంచించుకుపోతున్నారు. వాళ్లను చిన్నబుచ్చకుండా ఇవ్వడం ఎలా?

జవాబు: ఇంత మంచి ప్రశ్న చాలా రోజులకు వచ్చింది. రూతు 2లో పొలం యజమాని బోయజు చేసింది గమనించండి. రూతు పరదేశి, విధవరాలు, ఇల్లు గడవక అతని పొలంలో పరిగె ఏరుకోవడానికి వచ్చింది. అతను తలచుకుంటే ఒక బస్తా ఇచ్చి పంపేవాడు. అలా కాకుండా కోతగాళ్లతో, పనల మధ్య కూడా ఏరుకోనివ్వండి, ఆమె కోసమే కొన్ని పిడికెళ్లు లాగి పడేయండి, గద్దించకండి అని చెప్పాడు. ఆమెకు ఈ సంగతి తెలిసినట్టు అక్కడ లేదు. సాయంత్రం దుల్లగొడితే దాదాపు ఒక ఏఫా (ఆ కాలపు ధాన్యం కొలత) యవలు తేలాయి, తన చెమటతో సంపాదించుకున్నవే అనుకుని అత్తకు చూపించుకోగలిగింది.

అన్నిసార్లూ అంత తెలివిగా కుదరదు. కుదరనప్పుడు అడగండి. యెరికోలో గుడ్డివాడి అవసరం అక్కడున్న అందరికీ కనబడుతూనే ఉంది, అయినా యేసు, నేను నీకేమి చేయాలని కోరుతున్నావు అని అడిగాడు. మనం తీసుకెళ్లిన మూట వాళ్లకు అవసరం లేకపోవచ్చు, ఆసుపత్రికి తోడు రావడమో, పిల్లలకు లెక్కలు చెప్పడమో, ఒక దరఖాస్తు నింపి పెట్టడమో కావాల్సి రావచ్చు. ఫోటోలు తీయకండి. వెళ్లొచ్చాక సాక్ష్యంలో వాళ్ల సంగతి ఎత్తకండి. మీకు అవసరం వచ్చిన రోజున వాళ్లనే ఏదైనా సాయం అడగండి, తప్పకుండా చేస్తారు.