లోపల మొహమాటం, బయటికి 'తిమిరు'

ప్రశ్న: మాది నెల్లూరు. పెళ్లై 14 నెలలు. చెన్నై పెరంబూరులో అత్తమామలు, ఆడపడుచుతో కలిసి ఉంటున్నాం. చిన్నప్పటి నుంచీ నాకు మొహమాటం. ఇక్కడేమో పొగరంటున్నారు. మొన్న అత్తయ్య ఫోన్‌లో ఎవరితోనో 'దానికి తిమిరు' (తమిళంలో పొగరు) అంటుంటే విన్నాను. నేనలాంటిదాన్ని కానని ఎలా చెప్పేది?

జవాబు: చెబితే నమ్మరమ్మా, కనపడాలి. చుట్టాలొస్తారు, గబగబా తమిళంలో మాట్లాడుకుంటారు. మీకు సగం అర్థం కాదు. కాఫీ గ్లాసులు టీపాయ్ మీద పెట్టి, తల వంచుకుని లోపలికెళ్లిపోతారు. మీకది బెరుకు. సోఫాలో కూర్చున్న పెద్దావిడకు మాత్రం 'పలకరించనైనా లేదు'. మీ గుండెదడ ఆవిడకు వినపడదు కదా!

1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు ఒక ప్రయోగం చేశారు. అందరికీ తెలిసిన పాటల దరువును కొందరు బల్ల మీద వేళ్లతో తట్టాలి, ఎదుటివాళ్లు ఏ పాటో చెప్పాలి. సగమైనా పోల్చుకుంటారని తట్టినవాళ్ల అంచనా. 120 పాటల్లో పోల్చుకున్నవి 3. తట్టేవాళ్ల తలలో పాట మోగుతోంది, వినేవాళ్లకు టకటకే.

ముందు మీ ఆడపడుచును అడగండి. మేడ మీద బట్టలు తీసేటప్పుడు, ఇద్దరే ఉన్నప్పుడు. 'నాకు పొగరా?' అంటే 'అయ్యో, లేదొదినా' అనేస్తుంది. 'నేను ముభావంగా ఉన్నానని ఎప్పుడనిపించింది? ఒక్కటి చెప్పు' అనండి. ఆమె చెబుతుంటే 'ఆ రోజు నాకు తలనొప్పి' అని అడ్డుపడ్డారా, ఇంకోసారి నిజం చెప్పదు.

చుట్టాలొస్తే మొదటి రెండు నిమిషాలే మీ పని. 'వాంగ, నల్లా ఇరుక్కీంగళా?' (రండి, బాగున్నారా?) అంటూ కాఫీ చేతికందించండి. కాసేపు కూర్చుని, 'పొయ్యి మీద పాలున్నాయి, చూసొస్తా' అని లేవండి. చెప్పి వెళ్లడానికీ, చెప్పకుండా వెళ్లడానికీ చాలా తేడా ఉంది. అత్తయ్యతో కూరలు తరుగుతూ ఒక్కసారి అనండి: 'వాళ్లు వేగంగా మాట్లాడితే అర్థంకాక ఊరుకుంటున్నానత్తయ్యా.' ఫోన్ సంగతి మాత్రం ఎత్తొద్దు. మీరు చాటుగా విన్నారన్నదే పెద్ద గొడవవుతుంది. మీ ఆయనతో చెప్పించినా అది ఫిర్యాదులాగే వినిపిస్తుంది.

మొదట్లో 'ఇప్పుడు నటిస్తోంది' అన్నా అంటారు. ఒకటి రెండు నెలలు ఆగకుండా చేయండి. (తిమిరన్న మాట ఆడవాళ్ల మీద మరీ చవగ్గా పడుతుంది. దాన్ని పట్టుకుని ఏడవొద్దు.) మాట్లాడకపోతే పొగరు, మాట్లాడితే వాగుడు అంటున్నారనుకోండి, అప్పుడు తేడా మీ తీరులో లేదు. అక్కడ మీ ఆయన కూర్చుని మాట్లాడాల్సిందే.

ఇంకో మాట. నలుగురిలో తినాలన్నా చెమటలు పట్టడం, మనుషులొస్తే తప్పించుకోవడం ఆర్నెల్లకు మించి ఉంటే దాన్ని మొహమాటమని వదిలేయకండి. సైకాలజిస్టును కలవండి. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.