పేరు కనిపిస్తే ఇన్‌స్టాల్ కొట్టేయడమేనా?

ప్రశ్న: గోదావరిలో పంటు నడిపే గేమ్ ఒకటి ఏఐతో పైథాన్‌లో రాయించాను. రన్ చేస్తే ఫలానా మాడ్యూల్ లేదంటోంది. అది ఇన్‌స్టాల్ చేస్తే ఇంకోటి లేదంటోంది. ఏమేం కావాలో ఒకేసారి తెలుసుకునే దారుందా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, అమలాపురం

ఈ నెలలో ఈ ప్రశ్న నాలుగోసారి. పంటు, కోడిపందెం, కొబ్బరికాయలు పట్టే బుట్ట... ఆటలు మారుతున్నాయి గానీ ఎర్రర్ మారడం లేదు.

మాడ్యూల్ అంటే మీ కోడ్ అరువు తెచ్చుకునే రెడీమేడ్ కోడ్, ప్యాకేజీ అంటే దాన్ని ఇన్‌స్టాల్ చేసుకునే మూట. పైథాన్ మొదటి తప్పు దగ్గరే ఆగిపోతుంది, అందుకే ఒక్కో పేరే బయటపడుతోంది. రన్ చేయడం ఆపి, ఫైల్‌లో ‘ఇంపోర్ట్’ అని ఉన్న ప్రతి లైనూ వెతకండి. ఫంక్షన్ల లోపల దాక్కున్నవైతే రెండో లెవెల్ దాకా వెళ్తే గానీ తెలియవు. మీరు పంపిన కోడ్‌లో ఆరున్నాయి. ర్యాండమ్, మ్యాథ్, సిస్ పైథాన్‌తోనే వస్తాయి. ఆటలు రాయడానికి వాడే పైగేమ్ అసలైనదే. బొమ్మలను తెరిచి మార్చే ‘పీఐఎల్’ కావాలంటే ఇన్‌స్టాల్ చేయాల్సిన పేరు ‘పిల్లో’. ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ‘పిప్’ టూల్‌లో ‘పిప్ చెక్’ అనే కమాండ్ కొట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది ఇప్పటికే ఉన్న ప్యాకేజీలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో చూస్తుందంతే, మీ గేమ్ ఫైల్ వైపు కన్నెత్తి చూడదు.

ఆరోది నీటి అలల కోసమట. ఎంత వెతికినా ఆ పేరుతో ప్యాకేజీయే లేదు. ఏఐ కల్పించింది. ఆ పేరు ఇక్కడ రాయను, సాయంత్రానికల్లా ఎవరో ఒకరు దాన్ని నిజం చేసేస్తారు.

నా టెన్షన్ అదే. 2025లో వెలువడిన ఒక పరిశోధనలో 16 ఏఐ మోడళ్లతో 5.76 లక్షల కోడ్ నమూనాలు రాయిస్తే, అవి సూచించిన ప్యాకేజీల్లో దాదాపు 20 శాతం లోకంలోనే లేవు. పైగా మళ్లీ అడిగితే చాలాసార్లు అవే పేర్లు వచ్చాయి. మోసగాడికి ఇంకేం కావాలి? ఆ పేరుతో తన సరుకు పెట్టి కూర్చుంటాడు. పైథాన్ ప్యాకేజీల గిడ్డంగిలో ఎవరైనా ఖాతా తెరిచి సరుకు పెట్టొచ్చు, ముందుగా తనిఖీ చేసేవాళ్లుండరు. ఇన్‌స్టాల్ అవుతుండగానే అందులోని కోడ్ నడిచి, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు పట్టుకుపోవచ్చు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో ఉన్నాను కదా అంటారేమో, అది ప్యాకేజీలు కలగాపులగం కాకుండా పెట్టుకునే అర మాత్రమే. దొంగను ఆపదు.

పులస కొనేటప్పుడు సముద్రపు విలసను అంటగడుతున్నారేమోనని పదిసార్లు తిప్పి చూసేవాళ్లం, ఇక్కడ మాత్రం పేరు చూసి బుట్టలో వేసుకుంటున్నాం. ఆ గిడ్డంగి సైట్‌లో ప్యాకేజీ పేజీ తెరిచి ఎప్పుడు పెట్టారు, ఎన్ని వెర్షన్లు వచ్చాయి, సోర్స్ కోడ్ ఎక్కడుంది చూడండి. నిన్న పుట్టినదైతే వదిలేయండి. పాలకొల్లు పాఠకుడొకరు అలాంటిది ఇన్‌స్టాల్ చేశాక రాశారు. తీసేస్తే సరిపోదండీ, ముందు వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి.

అడక్కుండా తామే ఇన్‌స్టాల్ చేసేసే ఏఐ టూల్స్ వచ్చాయిప్పుడు. అనుమతి అడిగే పెట్టెలో ‘ఎప్పుడూ సరే’ అనే బటన్‌ను అంత పెద్దదిగా పెట్టిన డిజైనర్ ఎవరో గానీ, ఆయన ఇంటికి తాళం వేస్తాడా అని నా సందేహం.

మీ అలలకు ప్యాకేజీ అక్కర్లేదు. ఆ లైను తీసేసి, మ్యాథ్‌లోని సైన్‌తో రాయమనండి, నాలుగు లైన్ల పని. అన్నట్టు, కోడ్ అడుగుతున్న పంటు బొమ్మ కూడా మీ ఫోల్డర్‌లో లేదు, తర్వాతి ఎర్రర్ అదే. సఖినేటిపల్లి రేవుకెళ్లి ఒక ఫొటో తీసుకోండి.