130 మి.మీ. టెలిస్కోపుకు 4 మి.మీ. ఐపీస్ కొనవచ్చా?

మీది 130 మి.మీ. అద్దం, 650 మి.మీ. నాభ్యంతరం (అద్దం నుంచి కాంతి ఒకచోట చేరే బిందువు దాకా దూరం) ఉన్న న్యూటోనియన్, అంటే అద్దంతో కాంతిని కూడగట్టే రకం టెలిస్కోపు అన్నారు. పెట్టెలో 25, 10 మి.మీ. నాభ్యంతరం గల ఐపీసులు (కన్ను పెట్టి చూసే కటకాలు) వచ్చాయి. శని ఇంకా పెద్దగా కనిపించాలని 4 మి.మీ. ఐపీసూ 3 రెట్ల బార్లో కటకమూ (ఐపీసుకు తగిలిస్తే బొమ్మను అన్ని రెట్లు పెద్దది చేసేది) కొనాలనుకుంటున్నారు. సరిగ్గా ఇవే కొలతల టెలిస్కోపుతో సరిగ్గా ఇదే పని నేనూ చేశాను కాబట్టి చెబుతున్నాను, ఆ రెండూ వద్దు.

650ని ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే ఆవర్ధనం, అంటే బొమ్మ ఎన్ని రెట్లు పెద్దదవుతుందో, వస్తుంది. 25తో 26 రెట్లు, 10తో 65, 4తో 162. ఆ పైన 3 రెట్ల బార్లో తగిలిస్తే 487. కాగితం మీద ఆ అంకె చూసుకుని తెగ మురిసిపోయాను. తీరా కన్ను పెడితే శని నీళ్ల అడుగున పడిన బఠాణీ గింజలా మసకగా వణుకుతోంది. వలయం ఉందో లేదో కూడా తెలియలేదు. అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు వరకే ఆవర్ధనం పనికొస్తుందని ఒక మోటు లెక్క ఉంది. మన అద్దానికి అది 260. అది కూడా గాలి నిలకడగా ఉన్న రాత్రి మాటే. ఆ గీత దాటాక బొమ్మ పెద్దదవుతుంది, వెలుగు పలచబడుతుంది, కొత్త వివరం మాత్రం ఒక్కటీ రాదు.

బార్లో లేకుండా 162 రెట్లు ఆ హద్దులోనే ఉంది కదా అంటారేమో. నిజమే, చిక్కు వేరే చోట ఉంది. మామూలు ప్లోసెల్ రకం ఐపీసులో కన్ను గాజుకు ఎంత దూరంలో ఉండవచ్చన్నది నాభ్యంతరంలో సుమారు 70 శాతం. 4 మి.మీ. ఐపీసుకు అది 3 మి.మీ. కూడా ఉండదు. కనురెప్పల వెంట్రుకలు గాజును తుడుస్తుంటాయి, ఊపిరి ఆవిరై పడుతుంది. పైగా ఆ ఐపీసులో కనిపించే ఆకాశం డిగ్రీలో మూడో వంతు కూడా ఉండదు. మోటారు లేని స్టాండు మీద శని ఈ చివర నుంచి ఆ చివరకు 75 సెకన్లలో జారిపోతుంది. స్టాండును ముట్టుకుంటే ఊగుతుంది, ఊగడం ఆగేలోపు సగం సమయం అయిపోతుంది.

నా మనసు మార్చింది ఒక మిత్రుడు ఒక రాత్రికి అరువిచ్చిన 6 మి.మీ. ఐపీస్. కన్ను పెడితే 66 డిగ్రీల వెడల్పుగా కనిపించే దృష్టి క్షేత్రం ఉన్న రకం, ఆకాశంలో ఎంత పట్టేదీ ఆ 66ని ఆవర్ధనంతో భాగిస్తే వస్తుంది. 108 రెట్ల దగ్గర నిండు చంద్రుడు అంచుతో సహా ఒకేసారి పట్టాడు, చుట్టూ కాస్త చీకటి కూడా మిగిలింది. శని దాదాపు రెండున్నర నిమిషాలు లోపలే ఉంది. అంకె 162 కన్నా చిన్నదే, అయినా ఆ రాత్రి నేను చూసింది మాత్రం ఎక్కువ. మొదటి కొనుగోలు అదే చేయండి.

25 మి.మీ. ఐపీసును చులకనగా చూడకండి. దాదాపు 2 డిగ్రీల ఆకాశం చూపిస్తుంది, కృత్తికలకు సరిగ్గా సరిపోతుంది. చాలామంది 32 మి.మీ. కూడా కొనమంటారు. అందులోంచి వచ్చే కాంతిపుంజం 6.4 మి.మీ. వెడల్పు ఉంటుంది. అంతగా విచ్చుకునే కంటిపాప కుర్రవాళ్లకే ఉంటుంది, నాకు లేదు. పెట్టెలో వచ్చిన 10 మి.మీ. ఐపీసులు చాలావరకు నాసిరకమే. దాని బదులు మంచి 2 రెట్ల బార్లో ఒకటి ఉంటే మీ 25 కాస్తా 12.5 అవుతుంది. మధ్య మెట్టుకు అది చాలు.

కళ్లజోడు సంగతి మీరు అడగలేదు గానీ, అది ఉంటే తప్పక చూసుకోవాల్సిన విషయమిది. హ్రస్వదృష్టి, దూరదృష్టి మాత్రమే అయితే జోడు తీసేసి ఫోకస్ సరిచేసుకోవచ్చు. నాలా సిలిండర్ పవర్ (ఆస్టిగ్మాటిజం, ఫోకస్ మార్చినా సరికాని దోషం) ఉంటే, ముఖ్యంగా తక్కువ ఆవర్ధనంలో, జోడు ఉంచుకోవాల్సిందే. అప్పుడు కంటికీ గాజుకూ మధ్య 15 మి.మీ. అయినా ఎడం ఇచ్చే ఐపీస్ ఎంచుకోండి.

ఐపీసుకు బిగించే సూర్యుడి ఫిల్టరు పెట్టెలో వచ్చి ఉంటే ఈ రోజే పారేయండి. కేంద్రీకృతమైన వేడికి అది పగిలితే కన్ను పోతుంది.

ఏది కొన్నా ముందు అద్దాల అమరిక సరిగా ఉందో లేదో చూసుకోండి. అది తప్పితే ఎంత ఖరీదైన ఐపీసైనా మసకే. నా 4 మి.మీ. ఐపీస్ చివరకు ఈ పనికే పనికొచ్చింది. ప్రకాశవంతమైన నక్షత్రాన్ని మధ్యలో పెట్టి ఫోకస్ కొద్దిగా చెడగొడితే వలయాలు కనిపిస్తాయి. అవన్నీ ఒకే కేంద్రం చుట్టూ ఉంటే అమరిక బాగున్నట్టే, ఒక పక్కకు ఒరిగితే మరలు తిప్పాలి.