పై ముడత, కింది ముడత

ప్రశ్న: నర్సంపేట దగ్గర 22 ఏండ్లుగా విత్తనాలు, పురుగుమందుల దుకాణం నడుపుతున్నాను. డిగ్రీ చదివిన మా అన్న కొడుకు నిరుటి నుంచి నాతోపాటు కూర్చుంటున్నాడు. రైతు మిరప ఆకు చూపించడమే ఆలస్యం, మందు పేరు చెప్పేస్తాడు. నేను ఆకు తిప్పి చూసి, ముందు ఏ మందు కొట్టారో అడిగి, అప్పటికీ తటపటాయిస్తాను. రైతులకేమో వాడి మాటే నచ్చుతోంది. తనకు తెలియదన్న సంగతి వాడికి ఎందుకు తెలియడం లేదు? ఇది పొగరేనా? – ఒక పాఠకుడు

జవాబు: పొగరు కొంత ఉంటే ఉండవచ్చు, ఆ వయసులో లేకపోతేనే వింత. కానీ మీ ప్రశ్నకు జవాబు ఆ అబ్బాయి స్వభావంలో కన్నా మీ చేతిలోని ఆకులోనే ఎక్కువ ఉంది. తామర పురుగులు ఆశిస్తే మిరప ఆకులు పైకి ముడుచుకుంటాయి. నల్లి ఆశిస్తే అంచులు కిందికి వంగి, ఆకు తిరగేసిన పడవలా కనిపిస్తుంది. ఒకదానికి పనిచేసే మందు రెండోదానికి పనిచేయకపోవచ్చు, సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొడితే నల్లి ఇంకా పెరగనూ వచ్చు. పై ముడత, కింది ముడత అని విడదీసి చూసే మీకు ఆకు చేతికి రాగానే అనుమానం పుడుతుంది. రెండూ ఒకటే అనుకునేవాడికి అనుమానం పుట్టే చోటే లేదు, అందుకే జవాబు అంత తొందరగా వస్తుంది. తప్పు చేయకుండా ఉండడానికి ఏ తెలివి కావాలో, చేసిన తప్పును పట్టుకోవడానికీ అదే కావాలి.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జస్టిన్ క్రూగర్, డేవిడ్ డన్నింగ్ 1999లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది ఇదే. వారు విద్యార్థులకు తర్కం, ఇంగ్లిష్ వ్యాకరణం, హాస్యాన్ని తూచే నేర్పు మీద పరీక్షలు పెట్టి, తోటివారిలో తమ స్థానం ఎంతో అంచనా వేయమన్నారు. అందరికన్నా వెనకబడిన పావు వంతు మంది సగటున నూటికి 12 మందిని మాత్రమే మించగలిగారు, కానీ 62 మందిని మించామనుకున్నారు. మీ దుకాణానికి పనికివచ్చే సంగతి ఆ తరువాతిది. వ్యాకరణంలో వెనకబడినవారికి తోటివారి జవాబు పత్రాలు చూపించినా వారి అంచనా దిగిరాలేదు, ఎందుకంటే ఆ పత్రాల్లో ఏది మెరుగో పోల్చుకునే జ్ఞానమే వారికి లేదు. తర్కంలో కొద్దిపాటి శిక్షణ పొందినవారు మాత్రం తమ పాత జవాబులను తామే సరిగా తూచగలిగారు. కాబట్టి మీ పక్కన కూర్చున్నంత మాత్రాన మీరెందుకు తటపటాయిస్తున్నారో అబ్బాయికి అర్థం కాదు. రెండు ఆకులు పక్కపక్కన పెట్టి చూపించాలి.

ఈ అధ్యయనంపై అభ్యంతరాలూ ఉన్నాయి. తక్కువ మార్కులు వచ్చినవారి అంచనా ఎలాగూ సగటు వైపే జరుగుతుందని, ఆ తేడాలో కొంత భాగం లెక్కల మాయేనని గణాంకాలు తెలిసినవారు వాదించారు. అందులో న్యాయం ఉంది. ఇక వాట్సాప్‌లో తిరిగే, కొత్తగా నేర్చినవాడి ధీమా శిఖరమెక్కి కిందికి జారినట్టు చూపే ఆ గీత 1999 నాటి పత్రంలో లేనే లేదు.

నాకు అంతకన్నా పెద్ద కారణంగా తోచేది దుకాణం తీరు. మందు పనిచేసిన రైతు మళ్లీ మీ గడప తొక్కుతాడు, పనిచేయని రైతు చెప్పకుండానే ఇంకో దుకాణానికి పోతాడు. అబ్బాయి చెవిన పడేవన్నీ మెప్పులే అయినప్పుడు తన లెక్క తప్పిందని అతనికి ఎవరు చెప్పాలి?

నేనూ దీనికి అతీతుణ్ణి కాను. పత్తి అమ్మడానికి ఎనుమాముల మార్కెట్‌కు పోయినప్పుడల్లా దూదిని పిడికిట్లో నొక్కి చూసి తేమ 10 శాతం దాటదని ధీమాగా చెప్పేవాణ్ణి. యంత్రం 14 చూపిస్తే యంత్రమే చెడిపోయిందనేవాణ్ణి. 12 దాటితే మద్దతు ధరకు కొనరు కాబట్టి నా కోపానికి పైసల కారణమూ ఉంది. ఒక సీజనంతా ముందు నా అంచనా రాసి, పక్కన యంత్రం చూపిన అంకె వేశాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. నా అంకె ప్రతిసారీ తక్కువే.

అలాంటి పుస్తకమొకటి మీ బల్ల మీదా పెట్టండి. తేదీ, ముడత పైకా కిందికా, ఆకు వెనక ఏం కనిపించింది, ఏ మందు ఇచ్చారు, ఇన్నీ రాసి, పదిరోజులకు రైతుకు ఫోన్ చేసి ఫలితం ఎక్కించండి. రైతుల ముందు అబ్బాయిని సరిదిద్దకండి. చిన్నబుచ్చుకున్నవాడు ఆకు వైపు చూడడు, మీ వైపే చూస్తాడు. మొదటి వారం ఆ పుస్తకంలో మీరిచ్చిన మందులే రాయించండి, రాసేది మాత్రం అతనే కావాలి.